చేవ ఎక్కడుందో తెలిసిన ఊరు

తెలుగులో చేవ అన్న మాట రెండు పనులు చేస్తుంది. చెట్టు నడుమ ముదిరి, రంగు తిరిగి, పురుగు తొందరగా ముట్టని గట్టి కర్రకు అది పేరు. మనిషిలోని సత్తువకూ అదే పేరు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇవాళ విశాఖపట్నంలో చేవ ఉందా అని నాయకుల్ని నిలదీసేవాళ్లకు కొదవ లేదు. ఒక బల్ల అంచు చూసి, ఇక్కడిదాకా చేవ, ఇక్కణ్నుంచి లేత చెక్క అని వేలు పెట్టి చూపగలవాళ్లు మాత్రం వెతికితే గానీ దొరకరు. మాట మిగిలింది, దాన్ని పుట్టించిన చూపు పోయింది. రేవుకూ ఉక్కుకూ పేరు రాకముందు ఈ ఊరి పేరు సముద్రాలు దాటింది కర్రపనితోనే. జిట్రేగి చెక్కలో దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు, బీరువాలు విశాఖపట్నం పని అన్న పేరు మీదనే లండన్ చేరాయి. ఆ కళ ఎందుకు పోయిందంటే దంతాన్ని నిషేధించిన కథ చెప్పి ఊరుకుంటాం. నాకు ఆ జవాబు చాలదు. ఈ ఊరు పోగొట్టుకున్నదాంట్లో దంతం చిన్న వంతు. చెట్టును వేరు, మొదలు, మాను, పంగ, కొమ్మ అని విడివిడిగా ఎరిగి, ఏ భాగానికి తగిన పని ఆ భాగానికి అప్పగించే బతుకుతీరు అసలు నష్టం.

ముందు ఆ పని సంగతి. ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలో 1682లో తన వర్తకశాల పెట్టింది. భీమునిపట్నంలో డచ్చివాళ్లు ఉన్నారు. బట్టల కోసం వచ్చిన ఈ వర్తకులు ఇక్కడి కంసాలుల చేతిపని చూసి, తమ దేశపు కుర్చీల, బీరువాల నమూనాలు తెచ్చి చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆకారం ఐరోపాది, అంచుల వెంట పాకే పూలతీగ మాత్రం కోరమండలం తీరపు అద్దకం బట్టల మీదిది. 1756లో ఈ తీరానికి వచ్చిన జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఇక్కడి పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు సామాను, ఆయన పోయాక 1781లో వేలానికి వస్తే, మూడో జార్జి రాజు కొని రాణి షార్లెట్‌కు ఇచ్చాడు. ఆ కుర్చీలు చూసినవాళ్లకు తెల్లటి దంతమే కనిపిస్తుంది. దంతం వాటికి పైన కప్పిన పలుచటి తొడుగు మాత్రమే. కూర్చున్న మనిషి బరువు మోసేది లోపలి కర్ర. ఆ కర్రకు ఈ కథలో రావలసినంత పేరు రాలేదు.

పొదగడం ఎలా జరిగేదో దగ్గర్నుంచి చూస్తే కర్ర విలువ తెలుస్తుంది. దంతాన్ని సన్నటి రంపంతో రేకులుగా కోస్తారు. పువ్వో ఆకో కావలసిన రూపానికి రేకును దిద్ది, జిట్రేగి పలక మీద పెట్టి, సూదిమొనతో చుట్టూ గీత గీస్తారు. ఆ గీత లోపలి చెక్కను రేకు మందం మేరకు ఉలితో తవ్వుతారు. వజ్రం అనే జిగురు వేసి రేకును కూర్చి, అక్కడక్కడ దంతపు చీలలే దిగ్గొట్టి, పైభాగమంతా చదును చేస్తారు. తర్వాత దంతం మీద ఈనెలు, రేకుల మడతలు సన్నగా చెక్కి, ఆ గాట్లలో నల్లలక్క నింపి తుడిస్తే గీతల్లో మాత్రమే నలుపు నిలుస్తుంది. ఇంత చేసి, పలక తప్పుగా ఎంచుకుంటే ఒక్క వానాకాలానికి పువ్వు ఊడి చేతికొస్తుంది. ఎందుకంటే కర్ర చచ్చినా కదులుతూనే ఉంటుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిలువునా ఈ కదలిక లేనట్టే. అడ్డంగా ఉంటుంది, అందులోనూ వలయాల వెంబడి ఎక్కువ, నడిమి నుంచి అంచు వైపు అందులో ఇంచుమించు సగం. దంతం అలా కదలదు. కాబట్టి దుంగను ఏ వైపు నుంచి కోశారు, పలక నడిమి నుంచి అంచుకు తీసిందా, పక్కవాటంగా చీల్చిందా అన్నదే ఆ పువ్వు ఆయుష్షు. సముద్రం పక్కన, ఉప్పుగాలిలో, ఉక్కపోతలో ఈ లెక్క తప్పితే పని నిలవదు. రెండు వందల ఏళ్లు దాటినా పలక వంగని పెట్టెలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయంటే, వాటి వెనక దుంగను చదవగలిగిన కన్ను ఉందన్నమాట.

ఆ చదువు ఒక్క కులానిదో ఒక్క వీధిదో అయ్యుంటే పోయినందుకు ఇంత బాధ అక్కర్లేదు. అది ఊరూరా ఉండేది. ప్రతిమ కోసం మాను కోసినప్పుడు మొదలు ఎటుందో, తల ఎటుందో, ఏ దిక్కు ఏ వైపుకు నిలిచిందో గుర్తు పెట్టుకుని, ప్రతిమను ఆ ప్రకారమే నిలపాలని ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడి బృహత్సంహిత చెప్పింది. రైతు నాగలి కోసం తుమ్మచెట్టు చుట్టూ తిరిగేది తనకు కావలసిన వంపు పుట్టుకతోనే ఉన్న కొమ్మ కోసం. తిన్నటి చెక్కను వంపుగా కోస్తే పోగు తెగుతుంది, తెగినచోట విరుగుతుంది. పెరుగుతూ వంగిన కొమ్మలో పోగు కూడా వంపుతో పాటే నడుస్తుంది. చింతమాను పైపొరంతా పాలిపోయి ఉంటుంది. బాగా ముదిరిన చెట్టు నడుమ మాత్రం నల్లటి ఊదారంగు చేవ చిన్నదిగా ఉంటుంది. గానుగలోకీ రోకలికీ అదే కావాలి. తాటిచెట్టు మిగతావాటికి పూర్తిగా తిరగబడిన చెట్టు: దాని చేవ బయట, మెత్తన లోపల. అందుకే ముదురు తాటి మొదలు భాగాన్ని చీల్చి, లోపలి బెండు తీసేసి, నల్లటి పోగుచారలున్న పై అంచునే వాసాలకు వాడేవారు. చందనానికైతే వాసన చేవలో, వేళ్లలో ఉంటుంది, లేత చెక్కలో ఉండదు. మైసూరు సీమలో చందనం చెట్టును నరకకుండా వేళ్లతో సహా పెకలించేది అందుకే. సింహాచలంలో అక్షయ తదియ ముందు సానరాళ్ల మీద చందనం చెక్కల్ని నీళ్లతో చేత్తో అరగదీస్తారు. విడతకు మూడు మణుగుల చొప్పున ఏడాదికి నాలుగు విడతలు స్వామికి పూత. ఆ సానరాతి దగ్గర ఏ చెక్క ఏ భాగానిదో అన్న ప్రశ్న ఇప్పటికీ బతికే ఉంది.

అందం విషయానికొస్తే, చెట్టులో చూడచక్కని కర్ర దొరికేది తిన్నగా పెరిగిన చోట తక్కువ, ఇబ్బంది పడి పెరిగిన చోట ఎక్కువ. రెండు పెద్ద కొమ్మలు విడిపోయే పంగ దగ్గర పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మెలితిరుగుతాయి. పంగను నడిమికి చీలిస్తే నిప్పుమంటలా, ఈకలా ఒక చార పైకి లేస్తుంది. మాను మీద పుండులా లేచే బుడిపెలో బయటికి రాలేక నిద్రపోయిన మొగ్గలు వందల కొద్దీ ఉంటాయి. దాన్ని అడ్డంగా కోస్తే ఒక్కో మొగ్గ ఒక్కో కన్నులా కనిపిస్తుంది. మాను బరువంతా మోసే మొదలు దగ్గర పోగు అలలు పోతుంది. మన వేగిసకూ ఎర్రచందనానికీ దగ్గరి చుట్టమైన ఆగ్నేయాసియా చెట్టు బుడిపెలను అంబోయ్నా పేరుతో ఐరోపా పనివాళ్లు ప్రాణం పెట్టి కొనుక్కున్నారు. శేషాచలం ఎర్రచందనంలో కూడా అంతే. తిన్నటి పోగున్న దుంగ కంటే అలలున్న దుంగ ఎంతో ఎక్కువ పలుకుతుంది. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి మెడను దాంతో చేస్తారు. రాళ్లగుట్టల మీద నీళ్లకు కటకటలాడుతూ, నెమ్మదిగా పెరిగిన చెట్టుకు వచ్చిన రంగు, గట్టిదనం తోటలో తొందరగా పెంచిన చెట్టుకు రావడం కష్టం. అంటే ఈ కళకు కావలసిన మొదటి ముడిసరుకు కాలం.

కాలం ఎలా తప్పుకుందో తుమికి చెట్టు చెబుతుంది. తుమికి అన్నా తునికి అన్నా ఒకటే. ముసలి తుమికి నడుమ నల్లరాయిలాంటి చేవ ఉంటుంది, మన దేశపు నల్లకర్రల్లో అదొకటి. ఇప్పుడు ఆ చెట్టు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది బీడీ ఆకు. వేసవికి ముందు పొదల్ని నరికితే లేత చిగుళ్లు వస్తాయి, ఆ చిగుళ్ల ఆకే తునికాకు. ఏటా నరికిన పొద మాను కాదు, మాను కానిదానికి నల్లచేవ పట్టదు. ఆకు కోసే గిరిజన కుటుంబాలకు ఆ కొద్ది వారాల కూలి ఎంత అవసరమో నాకు తెలియనిది కాదు, దాన్ని తప్పుపట్టే ఉద్దేశమూ లేదు. ఒకే చెట్టులో కాలం పట్టే భాగాన్ని వదిలి, ఏడాదికోసారి చేతికొచ్చే భాగం మీద మనం బతకడం నేర్చుకున్నామని మాత్రమే అంటున్నాను. చెట్టు ఎక్కడికీ పోలేదు. దాని గుండె దాకా ఎదురుచూసే ఓపిక పోయింది.

దంతాన్ని నిషేధించారు, పని ఆగిపోయింది అనేవాళ్లకు నా జవాబు తేదీల్లో ఉంది. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. ఈ దేశపు ఏనుగు దంతం అమ్మకాలను 1986 సవరణ ఆపింది, ఆఫ్రికా దంతాన్ని 1991 సవరణ ఆపింది. కానీ విశాఖలో పెద్ద సామాను చేయడం పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ సన్నగిల్లిపోయింది. 1901లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణదేశపు దంతపు పని మీద పుస్తకం రాసేనాటికి ఇక్కడి పని ముఖ్యంగా పెట్టెలు, చట్రాలు, చదరంగపు బల్లల వంటి చిన్న సరుకుకు దిగిపోయింది. బీరువా పోయి పెట్టె మిగిలిందంటే అర్థం ఏమిటి? దంతం దొరుకుతూనే ఉంది, దొరకనిది పెద్ద పలక, పెద్ద పలకకు కావలసిన తీరిక, దాన్ని అడిగి చేయించుకునే చెయ్యి. ఇదే కాలంలో 1882 మద్రాసు అటవీ చట్టం మన్యపు అడవికి కాపలా పెట్టింది. ఆ కట్టడి గిరిజనులకు ఎంత కడుపుకోత అయిందో 1922లో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాల మీదికి నడిచినవాళ్లు చెప్పారు. 1890ల్లో తూర్పుతీర రైలుమార్గం పడింది. రైలుకు కావలసింది ఒకే కొలతకు కోసిన స్లీపర్లు. పంగ, బుడిపె, వంపు వాటిలో పనికిరావు, ఏరి పారేయాలి. చెట్టు విలువ ఎన్ని స్లీపర్లకు పనికొస్తుందన్న లెక్కకు వచ్చాక, పంగలోని మంట చూసే కన్నుకు కూలి ఇచ్చేవాళ్లు లేకపోయారు.

ఇంకో అభ్యంతరం మరింత సూటిగా ఉంటుంది. ఆ సామాను కంపెనీ దొరలకూ జమీందార్లకూ చేసిన విలాసం, చేసిన చేతులకు మిగిలింది కూలి, అది పోతే మనకు పోయిందేమిటి అని. దొరల సంగతి నిజమే. రాణి ఇంట్లో కుర్చీ ఉందని కంసాలి ఇంట్లో గింజలు నిండాయని నేననను. పేరు కూడా మిగలలేదు. ఆ పెట్టెల మీద చేయించుకున్నవాళ్ల వంశచిహ్నాలు కనిపిస్తాయి గానీ చేసినవాడి సంతకం కనిపించడం అరుదు. అయితే విలాసం వస్తువులో ఉంది, విద్యలో లేదు. రాణి కుర్చీకి పలక ఏరిన కన్నూ, రైతు నాగలికి కొమ్మ ఏరిన కన్నూ ఒకే బడిలో చదివినవి. జమీందారుకు చేసే పని ఆగితే విలాసం ఆగాలి. ఊళ్లో మామూలు వడ్రంగికి కూడా కర్ర అన్నది మందం, అడుగులు తప్ప మరేమీ కాకుండా పోవడం వేరే నష్టం, అది పేదవాడి నష్టం. చేవ, లేతచెక్క తేడా తెలియని గుమ్మానికి చెద పట్టేది పేదవాడి ఇంట్లోనే.

అడవి బతకాలి కదా, ఏనుగు బతకాలి కదా అని అడిగేవాళ్ల ముందు నేను తల వంచుతాను. దంతం పని తిరిగి రావాలని కోరుకోవడం లేదు. జిట్రేగితో సహా ఆ జాతి చెట్లన్నింటి అంతర్జాతీయ వ్యాపారానికి 2017 నుంచి అదుపు ఉంది, ఉండాలి కూడా. ఉక్కు మీదా నాకు కోపం లేదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న కర్మాగారం అది. కమ్మీకి తలా మొదలూ ఉండవు, ఏ ముక్క కోసినా ఒకే బలం ఉండటమే దాని గొప్పతనం. మేడలు దానితోనే కట్టాలి. కానీ ఉక్కు గుణాన్ని కర్ర మీద రుద్దితే అడవి మిగులుతుందనే మాట నిలవదు. దుంగను పెన్సిలు చెక్కినట్టు తిప్పుతూ పలుచటి పొరలుగా ఒలిచి, జిగురుతో అతికి ప్లైవుడ్ చేస్తారు. దాని మీద అతికే షీటులో పంగ మంట, బుడిపె కన్ను బొమ్మలై అచ్చవుతాయి, నాలుగడుగులకోసారి అదే కన్ను మళ్లీ వస్తుంది. ఆ బల్ల బతుకు చిన్నది. చెమ్మ తగిలి పొరలు విడిపోతే బాగుచేసే దారి లేదు, చెత్తకుప్పకే పోవాలి. దాని స్థానంలోకి ఇంకొకటి, దాని కోసం ఇంకొన్ని జామాయిల్, సుబాబుల్ తోటలు. పాతకాలపు భోషాణం నాలుగు తరాలు నిలిచింది. అడవి పక్షాన నిలబడి లెక్క వేసినా, ముదిరిన ఒక్క చెట్టును వేరు దాకా వాడుకుని వందేళ్లు నిలిపిన పద్ధతిని తేలిగ్గా తీసేయలేం.

ఏటికొప్పాక లక్కబొమ్మల పని బతికే ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉంది, అందుకు మనసారా సంతోషం. వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరు నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లాలోదే. దాని బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం జీవితం పెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి పని చూస్తే నా వాదనకు బలమే దొరుకుతుంది. ఆ బొమ్మలు చేసే అంకుడు చెట్టుకు చేవ, లేతచెక్క అన్న తేడా దాదాపు లేదు. లోపలా బయటా ఒకే తెలుపు, ఒకే మెత్తన. జిట్రేగి పనికి అది లోపం, లక్కపనికి అదే వరం. ఎండిన కొమ్మముక్కను తరిమెన మీద తిప్పుతూ ఉలి ఆనిస్తే చెక్క రిబ్బనులా ఊడుతుంది. రూపం వచ్చాక తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఒత్తిపెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి రంగు చుట్టూ పరుచుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో నొక్కితే అద్దంలా మెరుస్తుంది. మానుతో పనిలేదు, కొమ్మ చాలు, నరికినచోట మళ్లీ చిగురిస్తుంది. బొబ్బిలి వీణదీ అదే నీతి. గొల్లపల్లిలో ఒకే పనసదుంగ నుంచి కుండ, దండి, తల అతుకు లేకుండా తొలిచి చేసేదాన్ని ఏకాండి వీణ అంటారు. పనస చేవ పసుపు రంగుది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, నాదం కూడా దానితో పాటే ముదురుతుందని వాయించేవాళ్లు నమ్ముతారు. ఈ రెండు ఊళ్లలో పని నిలిచింది పనివాడికీ చెట్టు భాగానికీ మధ్య దారి తెగకపోవడం వల్ల. విశాఖలో కర్ర డిపో లెక్కల్లో ఘనపుటడుగు అయిపోయాక పని నిలవలేదు.

ఆ దారి ఎంతగా తెగిందో 2014 అక్టోబరు 12న తెలిసింది. గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు గాలితో హుద్‌హుద్ తుపాను నగరం మీద పడ్డ రోజు అది. తెల్లారేసరికి కైలాసగిరి బోసిపోయింది, వీధుల మీద లెక్కలేనన్ని చెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. దారులు తెరవడం ముందు పని, అంబులెన్సు కదలాలి, కరెంటు రావాలి, నౌకాదళం దగ్గర్నుంచి పారిశుద్ధ్య కార్మికుల దాకా రంపాలు పట్టి రాత్రింబవళ్లు కష్టపడ్డారు, వాళ్లకు ఈ ఊరు రుణపడి ఉంది. నేనడిగేది ఆ తర్వాతి వారాల గురించి. పడ్డవాటిలో నిద్రగన్నేరు మానులు ఎన్నో. ఆ చెట్టును అడ్డంగా కోస్తే నడుమ ముదురు గోధుమ రంగు చేవ, నల్లచారలు, చుట్టూ లేత పసుపు అంచు. మన వీధిచెట్టైన ఇదే నిద్రగన్నేరుతో హవాయి దీవులవాళ్లు గిన్నెలు, పళ్లేలు తరిమెన పట్టి ప్రపంచమంతా అమ్మారు. ఒక్క గాలివానలో ఈ ఊరికి చేవతో నిండిన మొదళ్లు, పంగలు, వేరుముద్దలు వందేళ్లకు సరిపడా ఉచితంగా దొరికాయి. వాటిని ఏరడానికి కావలసినవాడు రోడ్డు పక్కన నిలబడి, ఇది పంగ, దీన్ని అడ్డంగా కోయకండి, నిలువునా చీల్చండి అని చెప్పగలవాడు. మూడు వందల ఏళ్ల కిందట ఇదే ఊళ్లో అతన్ని పిలిస్తే వచ్చేవాడు. 2014లో మొదలూ పంగా కొమ్మా ఒకే పొడవుకు తెగి, ఒకే లారీ ఎక్కాయి.